ఐసీయూ బయట గోడకి ఏ బొమ్మ వేయాలి? అసలు బొమ్మ ఎవరి కోసం?

గీతలు_రంగులు రాశారు:

అందరికీ నమస్కారం. కొన్ని వారాలుగా ఒక విషయం మనసులో నలుగుతోంది. బొమ్మలు వేసేవాళ్ళూ చూసేవాళ్ళూ ఇద్దరూ ఉన్న చోట అడిగితే మంచిదనిపించి ఇక్కడ పెడుతున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఒక పెద్దాసుపత్రిలో ఐసీయూ బయట పొడవాటి వరండా ఉంది. దాని గోడ మొత్తానికి మ్యూరల్ వేయమని నన్ను అడిగారు. వాళ్ళకి కావలసింది చెట్లు, పిట్టలు, సూర్యోదయం. చూస్తే మనసుకి హాయిగా ఉండాలి అన్నారు. అందులో తప్పేమీ లేదు, అలాంటి పని నేను ఇష్టంగానే చేస్తాను. జాగా కొలుచుకోవడానికి వెళ్ళినదాన్ని అక్కడే ఒక కుర్చీలో కూర్చుని స్కెచ్ పుస్తకం తీశాను.

ఎదురుగా ఒకావిడ ఫోన్ గుప్పిట్లో పట్టుకుని నిద్రపోతోంది. నిద్రలో ఎవరికైనా చేతులు వదులవుతాయి కదా, ఆవిడ వేళ్ళు మాత్రం వదులవలేదు. బొటనవేలు సరిగ్గా తెర మీదే ఉంది, లోపల్నుంచి ఫోన్ వస్తే కళ్ళు తెరవకముందే ఎత్తేసేలా. గోరు చుట్టూ చర్మం తెల్లబడిపోయింది, అంత గట్టిగా పట్టుకుంది. నాకు ఆ ఒక్క బొటనవేలు గీయడానికే చాలాసేపు పట్టింది. పక్కన ఒక పెద్దాయన ఎక్స్‌రే కవరు ఒళ్ళో పెట్టుకుని దాని అంచుని వేలితో రుద్దుతూనే ఉన్నాడు, ఆ అంచు అరిగి పీచులు లేచింది. ఇవేవీ అంతకుముందు అదే వరండాలో నడిచినప్పుడు నా కంట పడలేదు. పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాకే కనిపించాయి.

కళ వల్ల సమాజానికి ఏం ఒరుగుతుంది అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నాకు తోచేది ఇదే. అందరూ దాటుకుపోయే మనిషి దగ్గర ఒకరు ఆగుతారు, ఆగి చూసినదాన్ని ఇంకొకరు ఆగి చూసేలా పెడతారు. మిగతా పెద్ద పెద్ద మాటలన్నీ దీని తర్వాతే.

ఇప్పుడు నా ప్రశ్న. ఆ గోడ మీద ఆ మనుషుల్నే వేయాలని ఉంది. కానీ ఆ గోడకి ఎదురుగా కూర్చునేది వాళ్ళే, రేపు వాళ్ళ స్థానంలో వచ్చే ఇంకొకరు. భయంతో ఉన్నవాళ్ళకి వాళ్ళ భయాన్నే చూపించడం న్యాయమా? చెట్లూ పిట్టలూ వేస్తే అది పిరికితనమా, దయా? మీరైతే ఏం చేస్తారు?

---

ఎదురుప్రశ్న రాశారు:

సూటిగా చెప్తాను, ఏమీ అనుకోకండి. కళాకారులు తమ పనికి లేని బరువుని తగిలించుకుంటారని నా అభిప్రాయం. ఆ వరండాలో కూర్చున్నవాళ్ళకి కావలసింది నడుం వాల్చడానికి చోటు, డాక్టర్ వచ్చి రెండు ముక్కలు అర్థమయ్యేలా చెప్పడం. గోడ మీద ఏముంటే వాళ్ళకేంటి?

సమాజాన్ని కదిలించిన బొమ్మ అనగానే అందరూ పికాసో వేసిన గెర్నికా పేరు ఎత్తుతారు. సరే, దాన్నే తీసుకుందాం. 1937 ఏప్రిల్ 26న, స్పెయిన్ అంతర్యుద్ధంలో, గెర్నికా అనే ఊరి మీద బాంబులు పడ్డాయి. పికాసో కొద్ది వారాల్లోనే ఇరవై అయిదు అడుగుల పైచిలుకు వెడల్పున్న కాన్వాస్ పూర్తి చేశాడు, ఆ ఏడే పారిస్ ప్రదర్శనలో స్పెయిన్ మంటపంలో పెట్టారు. తర్వాత ఏమైంది? 1939కల్లా అక్కడి రిపబ్లిక్ ప్రభుత్వం కూలిపోయింది, దాన్ని కూల్చిన నియంత ఫ్రాంకో 1975లో పోయేదాకా దిగలేదు. ఇరవయ్యో శతాబ్దంలో అంతకన్నా పేరున్న యుద్ధ వ్యతిరేక చిత్రం లేదంటారు, అది ఒక్క బాంబునైనా ఆపిందా?

హాయిగా చెట్లు వేయండి. చూసినవాళ్ళకి ఒక నిమిషం ఊపిరి ఆడితే చాలు, అంతకు మించి ఆశించకండి.

---

పాతపుటలు రాశారు:

ఎదురుప్రశ్న గారూ, ఒక్క బాంబూ ఆగలేదు, నిజమే. కానీ మీరు కథని స్పెయిన్‌లోనే ఆపేశారు.

1955లో అమెరికా సంపన్నుడు నెల్సన్ రాక్‌ఫెల్లర్ ఆ చిత్రానికి నేతలో ఒక నకలు చేయించాడు. 1985 నుంచి అది ఐక్యరాజ్యసమితిలో భద్రతా మండలి గది బయట వేలాడుతూ ఉండేది. 2003 ఫిబ్రవరిలో ఇరాక్ మీద యుద్ధానికి అమెరికా తరఫున కాలిన్ పావెల్ వాదన వినిపించడానికి వచ్చినప్పుడు దాని మీద నీలం తెర కప్పేశారు. వెనక ఆ గీతలుంటే టీవీ కెమెరాలకి గజిబిజిగా ఉంటుందని చెప్పారు. కారణం అదే అనుకుందాం. అయినా జరిగింది ఏమిటి? యుద్ధం చేయాలా వద్దా అని మాట్లాడుకునే గది గుమ్మంలో, చచ్చిపోయిన బిడ్డని ఒళ్ళో పెట్టుకుని అరుస్తున్న తల్లి బొమ్మ ఎవరికీ కనిపించలేదు. గోడ మీది బొమ్మతో ఎవరికీ ఏమీ కానప్పుడు ఆ తెర గురించి ఇన్నేళ్ళ తర్వాత కూడా మనం ఎందుకు మాట్లాడుకుంటున్నాం?

ఇంకో మాట. పేరున్న చిత్రకారుల్నే లెక్కేస్తే సగం విషయం తప్పిపోతుంది. 1788, 89ల్లో ఇంగ్లండ్‌లో బానిసల వ్యాపారాన్ని ఆపాలని తిరిగినవాళ్ళు బ్రూక్స్ అనే ఓడ పటం ఒకటి అచ్చువేశారు. ముందు ప్లిమత్‌లో, తర్వాత లండన్‌లో. ఆ ఓడలో చట్టం ప్రకారం 454 మందిని ఎక్కించుకోవచ్చు, అంతకుముందు 600 మందికి పైగా ఎక్కించేవారు. ఓడ అడుగుభాగంలో మనుషులు ఎలా పడుకోవాలో పైనుంచి చూస్తున్నట్టు, చిన్న చిన్న నల్ల బొమ్మలు వరసలు వరసలుగా, మధ్యలో చెయ్యి పెట్టే జాగా లేకుండా గీశారు. అందులో కన్నీళ్ళు లేవు, నాటకీయత లేదు, ఇంజనీరు గీసే ప్లాను లాగే ఉంటుంది. వేల కాపీలు ఊరూరా పంచారు. 1807లో బ్రిటన్ పార్లమెంటు ఆ వ్యాపారాన్ని నిషేధించింది. ఒక్క బొమ్మ వల్లే అయిందని ఎవరూ అనరు, ఏళ్ళ తరబడి పిటిషన్లు పెట్టారు, సభలు జరిపారు, ఓడలెక్కి సాక్ష్యాలు సేకరించారు. కానీ ఆ ఉద్యమం మనుషుల కళ్ళ ముందు పెట్టింది ఆ పటాన్నే.

---

నల్లసిరా రాశారు:

అక్కా, మనుషుల్నే వెయ్యి. రెండో ఆలోచన వద్దు.

నేను లినోకట్ పోస్టర్లు, అంటే లినోలియం రేకు మీద చెక్కి అచ్చువేసేవి, చేస్తాను, కాబట్టి నా వాటం ఎటో ముందే చెప్పేస్తున్నా. చెట్లూ పిట్టలూ కావాలని అడిగేది ఎవరు? యాజమాన్యం. వాళ్ళకెందుకు కావాలి? ఆ వరండా బాగున్నట్టు కనిపించాలి. అక్కడ కుర్చీలు చాలక జనం నేల మీద పడుకుంటుంటే పైన సూర్యోదయం వేస్తే ఆ సూర్యోదయం ఎవరికి పని చేసినట్టు?

డబ్బు ఇచ్చేవాడి గోడ మీద నీకు కనిపించింది వేస్తే ఏమవుతుందో కూడా చెప్తాను, తెలిసే దిగాలి. పాతపుటలు గారు చెప్పిన ఆ రాక్‌ఫెల్లరే 1933లో న్యూయార్క్‌లోని తమ భవనంలో మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా చేత కుడ్యచిత్రం వేయించాడు. రివేరా అందులో లెనిన్ ముఖం వేశాడు. తీసేయమన్నారు, తీయనన్నాడు. చేతిలో డబ్బు మొత్తం పెట్టి పంపించేసి బొమ్మకి గుడ్డ కప్పారు, 1934 ఫిబ్రవరిలో గోడ మీంచి కొట్టి పారేశారు. ఆయన ఊరుకోలేదు, అదే బొమ్మని మళ్ళీ మెక్సికో సిటీలో లలితకళల భవనం గోడ మీద వేశాడు, అది ఇప్పటికీ ఉంది. కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టేముందు, వేశాక చెరిపే హక్కు ఎవరిదో రాయించుకో.

---

రాత్రి_డ్యూటీ రాశారు:

నేను నర్సుని. చిత్రకళ గురించి నాకు పెద్దగా తెలీదు, కానీ ఆ వరండా తెలుసు. అన్ని ఆసుపత్రుల్లోనూ అది ఒకలాగే ఉంటుంది.

నల్లసిరా గారూ, మీరు చెప్పింది వింటే కోపం వచ్చింది. రాత్రి మూడు గంటలకి తలుపు తీసుకుని బయటికి వచ్చి ఒక మనిషి పేరు పిలుస్తాం కదా, అప్పుడు వరండాలో ఉన్న ముఖాలన్నీ ఒకేసారి పైకి లేస్తాయి. ఆ ముఖాన్ని గోడ మీద వేసి రోజంతా వాళ్ళకే చూపిస్తారా? వాళ్ళు అక్కడికి బొమ్మల ప్రదర్శన చూడటానికి రాలేదు. లేచి వెళ్ళిపోలేరు కూడా. గ్యాలరీలో నచ్చకపోతే పక్క గదిలోకి పోతారు, ఇక్కడ పక్క గదిలో వాళ్ళ మనిషి ఉన్నాడు.

చెట్లు అంటే అంత తేలిగ్గా తీసేయకండి. మా చదువులో ఒక పాత పరిశోధన చెప్తారు, రోజర్ ఉల్రిచ్ అనే ఆయన 1984లో రాసింది. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళలో కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్నవాళ్ళు, ఇటుక గోడ కనిపించే గదుల్లో ఉన్నవాళ్ళకన్నా త్వరగా ఇంటికెళ్ళారు, గట్టి నొప్పి మందులు కూడా తక్కువ వాడారు. చిన్న పరిశోధనే, పైగా అది నిజమైన చెట్టు, బొమ్మ కాదు, అది నాకూ తెలుసు. అయినా మనిషి కంటికి ఏది ఎదురుగా ఉందన్నది ఒంటికి కూడా పట్టే విషయమే అని నా నమ్మకం.

ఇప్పుడు ఆ గోడకి ఉన్నవి ఏమిటో తెలుసా? నిశ్శబ్దం పాటించండి, ఇక్కడ కూర్చోరాదు, సెల్‌ఫోన్ వాడరాదు. అన్నీ వద్దు వద్దు అనే బోర్డులే. వాటి బదులు ఏది వేసినా నయమే.

---

చూసేవాడిని రాశారు:

మామూలుగా ఇక్కడ చదివి వెళ్ళిపోతాను, ఈసారి రాయాలనిపించింది. మా నాన్నగారు లోపల ఉన్నప్పుడు నేను అలాంటి చోట చాలా రాత్రులు కూర్చున్నాను. ఎదురు గోడకి ఒక పడవ బొమ్మ ఉండేది, క్యాలెండర్ బొమ్మ లాంటిది, ఎండకి నీలం వెలిసిపోయింది. అందంగా ఏమీ ఉండేది కాదు. కానీ తెరచాపకి కట్టిన తాళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ ముడిపడుతున్నాయో నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఒక తాడు గాల్లోనే ఆగిపోతుంది, దేనికీ కట్టి లేదు. వేసినవాళ్ళు తొందరలో వదిలేశారేమో. ఆ తాడుని చూసి నాకు ఎంత కోపం వచ్చేదో.

ఎదురుప్రశ్న గారూ, గోడ మీద ఏముంటే ఏంటి అన్నారు. అక్కడ కూర్చున్నవాడు గోడని చూసినంతగా ఇంకెవరూ ఏ బొమ్మనీ చూడరండీ. రోజుకి పద్నాలుగు పదిహేను గంటలు చూస్తాడు. ఏది వేసినా సరే, శ్రద్ధగా వేయండి, అది చాలు.

నన్ను నేను చూసుకోవాలని అయితే అనిపించేది కాదు. నాలాగే ఇంకొకరు ఇదే కుర్చీలో కూర్చుని లేచి వెళ్ళారని తెలిస్తే మాత్రం ధైర్యంగా ఉండేదేమో.

---

మట్టిచేయి రాశారు:

శిల్పిగా ఒక మాట. బహిరంగ స్థలంలో పెట్టే పనికీ గ్యాలరీ పనికీ మధ్య ఉన్న తేడాని రాత్రి_డ్యూటీ గారు ఒక్క వాక్యంలో చెప్పేశారు. లేచి వెళ్ళిపోలేనివాళ్ళ ముందు పెడుతున్నాం అన్నది మర్చిపోకూడదు.

రిచర్డ్ సెర్రా న్యూయార్క్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయాల ఆవరణలో 1981లో ఒక ఉక్కు గోడ నిలబెట్టాడు. 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు, కొద్దిగా వంగి, ఒక పక్కకి వాలి ఉంటుంది. నడిచేవాడికి తన నడక గురించి తనకే ఎరుక కలగాలని ఆయన ఉద్దేశం. శిల్పంగా చూస్తే గొప్ప పనే, నేను ఆ వాలుని కాగితం మీద ఎన్నోసార్లు గీసుకున్నాను. కానీ ఆ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు రోజూ దాన్ని చుట్టి తిరిగి వెళ్ళాలి. ఫిర్యాదులు వెళ్ళాయి, 1985లో బహిరంగ విచారణ పెట్టారు. ఉంచమని 122 మంది, తీసేయమని 58 మంది మాట్లాడారు. అయినా తీసేయాలనే తేల్చారు, కోర్టుల్లో నడిచి నడిచి 1989లో ముక్కలుగా కోసి పట్టుకెళ్ళిపోయారు. ఆ చోటు కోసమే చేసింది కాబట్టి ఇంకోచోట పెడితే అది ఆ శిల్పం కాదన్నాడు సెర్రా, మళ్ళీ ఎక్కడా నిలబెట్టలేదు.

నాకు ఇందులో ఇద్దరి మీదా కోపం లేదు, ఇద్దరూ చెప్పింది నిజమే అనిపిస్తుంది. కానీ ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. ఆ చోట రోజూ ఉండేవాళ్ళతో పని మొదలుపెట్టకముందే మాట్లాడి ఉంటే ఆ విచారణ వేరేలా నడిచేది.

మాయా లిన్ చేసింది గుర్తుచేసుకోండి. అమెరికాలో వియత్నాం యుద్ధ స్మారకానికి పెట్టిన పోటీకి 1981లో 1,421 నమూనాలు వచ్చాయి, ఎవరిది ఏదో పేరు తెలీకుండా చూశారు, గెలిచింది 21 ఏళ్ళ విద్యార్థిని. విగ్రహం లేదు, జెండా లేదు, నేలలోకి దిగే నల్ల గ్రానైట్ గోడ, దాని మీద చనిపోయినవాళ్ళ పేర్లు చనిపోయిన తేదీల వరసలో. మొదట్లో ఎంతమంది తిట్టారో. పక్కన మామూలు సైనికుల విగ్రహం కూడా పెట్టాలని పట్టుబట్టి 1984లో పెట్టించారు. కానీ జనం వెళ్ళి ఏం చేస్తారు? తమవాళ్ళ పేరు వెతుక్కుని, దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఆ పేరుని ఇంటికి తీసుకెళ్తారు. రాయి బాగా నునుపు పట్టింది కాబట్టి పేర్ల మధ్య వాళ్ళ ముఖం వాళ్ళకి కనిపిస్తుంది. ఎవరి ముఖమూ గీయకుండానే చూసేవాడి ముఖాన్ని అందులో పెట్టింది ఆ అమ్మాయి. మీ గోడకి దారి ఇలాంటి వైపు ఉందేమో చూడండి.

---

గీతలు_రంగులు రాశారు:

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. రాత్రి_డ్యూటీ గారు చెప్పిన ఆ పైకి లేచే ముఖాల సంగతి చదివాక చాలాసేపు ఏమీ చేయలేకపోయాను.

చూసేవాడిని గారూ, గాల్లో ఆగిపోయిన ఆ తాడు గురించి మీరు రాసింది ప్రతి చిత్రకారుడూ చదవాలి. ఏదో ఒక మూల ఎవరూ చూడరులే అని వదిలేసే అలవాటు మా వృత్తిలో ఉంది. చూసేవాళ్ళు ఉన్నారు.

తమ్ముడూ నల్లసిరా, చెట్లు వేస్తే యాజమాన్యానికి పని చేసినట్టే అన్నావు. అంత గీత గీసినట్టు ఉండదు. ఓదార్పు కూడా అవసరమే, దాన్ని తక్కువ చేయను. నన్ను ఇబ్బంది పెడుతున్నది ఏమిటంటే, ఆ చెట్ల బొమ్మలో అక్కడ కూర్చున్న మనిషి ఉన్నాడన్న గుర్తింపు ఎక్కడా ఉండదు. ఎయిర్‌పోర్టులో వేసినా బ్యాంకులో వేసినా అదే బొమ్మ. ఆ గోడ ఎవరి ఎదురుగా ఉందో ఆ గోడకి తెలియాలి కదా.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఆ ఫోన్ పట్టుకున్నావిడ నిద్రలో ఉంది. నేను గీస్తున్నానని ఆవిడకి తెలీదు. లేచేసరికి చూపిద్దామనుకున్నాను, ఈలోగా లోపలికి పిలిచారు. ఆ బొమ్మ నా దగ్గరే ఉంది. దాన్ని గోడకెక్కించే హక్కు నాకు ఉందా?

---

పాతపుటలు రాశారు:

హక్కు సంగతి వచ్చింది కాబట్టి డొరొతియా లాంగ్ తీసిన ఫోటో కథ చెప్పాలి. ఇది చాలామందికి సగమే తెలుసు.

1936 మార్చిలో కాలిఫోర్నియాలో నిపోమో దగ్గర బఠాణీ కోతకి వచ్చిన కూలీల గుడారాల్లో ఒక తల్లిని ఆమె ఫోటో తీసింది. గడ్డం కింద చెయ్యి, భుజాల మీద ముఖాలు తిప్పుకున్న ఇద్దరు పిల్లలు, ఒళ్ళో పసిబిడ్డ. మీరంతా చూసే ఉంటారు. ఫోటోలు పేపర్లో పడ్డాయి, ప్రభుత్వం వెంటనే ఆ గుడారాలకి 20 వేల పౌండ్ల తిండి, అంటే తొమ్మిది టన్నులు, పంపింది. ఇది కళ సాధించిన విజయం అని అందరూ చెప్తారు. కానీ తిండి చేరేసరికి ఆ తల్లీ పిల్లలూ అక్కడ లేరు, వేరేచోటికి పని వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.

ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. ఆ పేరు ప్రపంచానికి తెలిసింది 1978లో. నలభై ఏళ్ళకి పైగా అది దేశమంతా తెలిసిన ముఖం, పేరు లేదు. ఆ తల్లి పేరు గానీ కథ గానీ తను అడగలేదని లాంగ్ తర్వాత తనే రాసింది. ఆ ఫోటో వల్ల థాంప్సన్‌కి పైసా రాలేదు, అది తీయకుండా ఉండాల్సింది అని ఆమె అంది. 1983లో జబ్బు పడినప్పుడు పిల్లలు సాయం అడిగితే ఆ ఫోటో గుర్తున్నవాళ్ళు ఎంతోమంది డబ్బు పంపారు. అంటే ఆ ఫోటో ఆమెకి మంచీ చేసింది, గాయమూ చేసింది.

లాంగ్ ప్రభుత్వం తరఫున పనిచేసింది, తను డబ్బు చేసుకోలేదు, వలస కూలీల బాధ దేశానికి తెలియాలని నిజంగా తపించింది. ఆ తపన ఎంత నిజమైనా పేరు అడగకపోవడం మాత్రం మిగిలిపోయింది.

---

నల్లసిరా రాశారు:

పేరు గురించి పాతపుటలు గారు అన్నది వంద శాతం. అందుకే నాకు చిత్తప్రసాద్ అంటే అంత ఇష్టం. 1943 బెంగాల్ కరువులో ఆయన మేదినీపూర్ పల్లెల్లో కాలినడకన తిరిగి నల్ల సిరాతో బొమ్మలు వేశాడు. పక్కటెముకలు, కాళ్ళు, ఖాళీ గిన్నెలు, కుక్కలు. చాలా బొమ్మల కింద ఆ మనిషి ఎవరో, ఏ ఊరో రాశాడు. అక్కడ గీసిన మనిషి 'ఆకలి' అనే మాటకి ఉదాహరణగా మిగిలిపోడు, పేరున్న మనిషిగా ఉంటాడు. ఆ బొమ్మలతో, రాతలతో వేసిన చిన్న పుస్తకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని కాపీలు తగలబెట్టింది. అదే కరువులో జైనుల్ అబెదిన్ కలకత్తా వీధుల్లో చవక కాగితం మీద గీసినవి కూడా అలాంటివే.

ఎదురుప్రశ్న గారూ, బొమ్మ ఏమీ చేయలేకపోతే తగలబెట్టే శ్రమ ఎందుకు తీసుకున్నారో చెప్పండి.

అక్కా, ఆవిడ దొరికితే అడుగు. దొరక్కపోతే ఆ బొమ్మ వాడకు. ఆ వరండాలో ఇప్పుడు ఉన్నవాళ్ళని అడిగి, చూపించి, పేరు రాసి వెయ్యి.

---

ఎదురుప్రశ్న రాశారు:

నల్లసిరా గారూ, తగలబెట్టారు కాబట్టి శక్తి ఉంది అనే వాదనకి ఇంకో వైపు కూడా చూడండి. 1937 జులైలో మ్యూనిక్‌లో నాజీలు రెండు ప్రదర్శనలు ఒక్క రోజు తేడాతో తెరిచారు. ఒకటి వాళ్ళకి నచ్చిన కళ, ఇంకోటి జర్మన్ మ్యూజియంల నుంచి లాక్కొచ్చిన ఆధునిక చిత్రాల్ని 'భ్రష్ట కళ' అని పేరు పెట్టి, వంకరగా వేలాడదీసి, గోడల మీద వెక్కిరింతలు రాసి పెట్టినది. ఆ రెండో దానికి దాదాపు 20 లక్షల మంది వచ్చారు. అంటే ఏం చూడాలో, చూసినదాన్ని ఎలా అసహ్యించుకోవాలో జనానికి నేర్పడానికి వాళ్ళూ బొమ్మల్నే వాడుకున్నారు. మనుషుల్ని పురుగుల్లా గీసిన పోస్టర్లు వేసింది కూడా చెయ్యి తిరిగిన చిత్రకారులే. బొమ్మకి శక్తి ఉందని మీరు నిరూపిస్తే నాకు సంతోషం కన్నా భయమే ఎక్కువ.

అందుకే నేను చెట్లు వేయమన్నది. అయితే చూసేవాడిని గారు రాసింది చదివాక, గోడ మీద ఏముంటే ఏంటి అన్న నా మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. నేను ఎప్పుడూ అంతసేపు ఒక గోడ ముందు కూర్చోలేదు.

---

డ్రాయింగ్_మాస్టారు రాశారు:

ముప్పై ఏళ్ళు పిల్లలకి బొమ్మలు నేర్పి రిటైరైనవాడిని. అమ్మా గీతలు_రంగులూ, నీ మొదటి పోస్టులో ఆ బొటనవేలు గురించి రాసింది చదివి సంతోషించాను. క్లాసులో నేను చెప్పేది అదే, చెయ్యి అనుకుని గీయకు, ఎదురుగా ఉన్న ఈ చేతిని గీయి అని.

ఎదురుప్రశ్న గారి భయం న్యాయమైనదే. మనుషుల్ని పురుగుల్లా గీసినవాడు ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని గీయలేదు, తలలో ముందే ఉన్న బొమ్మని దింపాడు. తేడా అక్కడే ఉంది. స్పెయిన్ చిత్రకారుడు గోయా నెపోలియన్ సేనల యుద్ధం మీద 82 ఎచింగ్‌లు, అంటే రాగిరేకు మీద గీసి అచ్చువేసే బొమ్మలు, చేశాడు. ఒకదాని కింద 'నేను చూశాను' అని రాసుకున్నాడు, ఇంకోదాని కింద 'చూడలేం' అని రాశాడు. ఈ రెండు మాటల మధ్యే చిత్రకారుడి బతుకంతా ఉంటుంది. ఆయన 1828లో పోయాడు, ఆ ఎచింగ్‌లు పుస్తకంగా అచ్చయింది 1863లో. తన కాలం వాళ్ళు చూస్తారన్న ఆశ లేకుండానే రాగిరేకు మీద అంత పని చేశాడు. సమాజానికి ఉపయోగపడాలా వద్దా అన్న లెక్క ఒక్కోసారి మన చేతిలో ఉండదు, చూసినదాన్ని సరిగా పెట్టడం ఉంటుంది.

అనుమతి విషయంలో నాకు గుర్తొచ్చేది కేతే కోల్విట్జ్ అనే జర్మన్ కళాకారిణి. 18 ఏళ్ళ కొడుకు పీటర్ 1914 అక్టోబరులో బెల్జియంలో యుద్ధంలో పోయాడు. స్మారకం చేయాలని అప్పుడే మొదలుపెట్టింది, ఒక నమూనా నచ్చక మధ్యలో వదిలేసింది, చివరికి 1932లో కొడుకు సమాధి ఉన్న స్మశానంలో పెట్టింది. మోకాళ్ళ మీద ఉన్న తల్లీ తండ్రీ, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు, ఎవరి దుఃఖంలో వాళ్ళుంటారు. ఆ తల్లి ముఖం ఆమెదే, తండ్రి ముఖం ఆమె భర్తదే. ఇంకొకరి కొడుకుల సమాధుల మధ్య పెట్టే విగ్రహానికి తన ముఖాన్నే ఇచ్చింది. నువ్వు కూడా ఆ వరండాలో కూర్చున్నావు కదమ్మా, ముందు నిన్ను నువ్వు గీసుకుని చూడు.

---

రాత్రి_డ్యూటీ రాశారు:

మాస్టారు గారికి నమస్కారం. మీరందరూ రాసింది డ్యూటీ మధ్యలో చదివాను, ఒక ఆలోచన వచ్చింది, పనికొస్తుందో లేదో మీరే చూడండి.

ముఖాలు వద్దు. చేతులు వేయండి. నేను రోజూ చూసేవి చేతులే. ఒకరి చేతిని ఇంకొకరు పట్టుకోవడం, కాగితాల కట్టని గుండెకి ఆనించుకోవడం, తెలియనివాళ్ళ పసిపిల్లని కాసేపు ఎత్తుకోవడం, నిద్రపోతున్నవాళ్ళ మీదకి దుప్పటి లాగడం. ఆ వరండాలో ఎవరికెవరూ తెలీదు, రెండో రోజుకల్లా ఒకరి సామాను ఒకరు కాపలా కాస్తారు. మీరు భయమే వేయాలని ఎందుకు అనుకుంటున్నారు? అక్కడ అది ఒక్కటే లేదు.

ఇంకొకటి, గోడ మీద మీరు నిలబడి వేస్తారు, వాళ్ళు కూర్చుని చూస్తారు, సగం మంది నేల మీద పడుకుని చూస్తారు. ఆసుపత్రిలో ఏ బొమ్మ చూసినా నిలబడి నడిచే డాక్టర్ల కంటి ఎత్తులోనే ఉంటుంది. కిందికి దింపండి. నేలకి ఆనుకుని మోకాలి ఎత్తు దాకా ఉన్న భాగంలో ముఖ్యమైనది వేయండి.

---

నల్లసిరా రాశారు:

కింద నుంచి మొదలుపెట్టడం అద్భుతం, ఇది మాకెవరికీ తట్టలేదు. చేతుల దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. ముఖం తీసేస్తే అది ఎవరి చెయ్యి అయినా కావచ్చు, అంటే ఎవరిదీ కాదు. అందరికీ నచ్చేస్తుంది, ఎవరినీ ఏమీ అడగదు. కనీసం పేర్లయినా రాయించు అక్కా, ఒప్పుకున్నవాళ్ళవి.

---

మట్టిచేయి రాశారు:

చెయ్యి ముఖం కన్నా తక్కువ చెప్తుందంటే శిల్పిగా నేను ఒప్పుకోను నల్లసిరా గారూ. గీతలు గారు రాసిన ఆ బొటనవేలు చదవగానే ఆ మనిషి మొత్తం కనిపించలేదా మీకు? ముఖం మీద మనం ఏదో ఒకటి తెచ్చిపెట్టుకుంటాం, చేతికి ఆ అలవాటు లేదు. పేర్ల సంగతిలో మీతోనే ఉన్నాను. ఇంటిపేర్లు లేకుండా, పిలిచే పేరు ఒక్కటి రాసినా చాలు.

---

గీతలు_రంగులు రాశారు:

నేల దగ్గర నుంచి వేయాలన్న మాటకి రాత్రి_డ్యూటీ గారికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలీదు. నిన్న వెళ్ళి ఆ వరండాలో నేల మీద వెల్లకిలా పడుకుని గోడని చూశాను. అక్కడ నుంచి కనిపించేది వేరే గోడ. స్విచ్ బోర్డులు, స్ట్రెచర్ చక్రాలు రాసుకుని పోయిన నల్ల చారలు, కుర్చీల కాళ్ళు. ఆ చారలు మొత్తం ఒకే ఎత్తులో పొడవునా ఉన్నాయి, వాటిని చెరిపేయకుండా బొమ్మలో కలుపుకోవచ్చనిపించింది.

యాజమాన్యంతో మాట్లాడాను. ముఖాలు లేవనేసరికి వాళ్ళకి కొంత టెన్షన్ తగ్గింది, చేతులతో పాటు పైభాగంలో కొమ్మలు కూడా ఉంటే సరే అన్నారు. కొమ్మలు వేస్తాను, అవి నాకు ఇష్టమే. చెరపాలంటే ముందు నాకు చెప్పాలన్న షరతు కాగితంలో రాయించమన్నాను, ఇంకా జవాబు రాలేదు. అది రానిదే గోడ ముట్టుకోను.

పేర్ల విషయం అక్కడున్నవాళ్ళనే అడిగాను. ఒకాయన తన చేతిని గీయనిచ్చాడు, పేరు మాత్రం తనది వద్దు, లోపల ఉన్న తమ్ముడిది రాయమన్నాడు. ఇంకొకావిడ ఏ పేరూ వద్దంది. నల్లసిరా, మట్టిచేయి గారూ, దీనికి మీరేమంటారో తెలీదు కానీ, నేను మాత్రం ఎవరు ఏది చెప్తే అదే రాస్తాను. ఫోన్ పట్టుకున్నావిడ మళ్ళీ కనిపించలేదు కాబట్టి ఆ బొమ్మ గోడకి ఎక్కదు.

మాస్టారూ, మీరు చెప్పినట్టు నా చెయ్యి గీసుకున్నాను, పెన్సిల్ పట్టుకున్నదే. అది నేలకి దగ్గరగా, చివర్లో వేస్తాను.

ఇక పని సంగతి. ఆ గోడ రోజూ తడిగుడ్డతో, క్రిమిసంహారక మందుతో తుడుస్తారు, కింది భాగమైతే స్ట్రెచర్లు తగులుతూనే ఉంటాయి. అక్రిలిక్ వేసి పైన క్లియర్ కోట్ ఇవ్వాలనుకుంటున్నాను, మెరుపు ఉంటే ట్యూబులైటు వెలుగు పడుకున్నవాళ్ళ కళ్ళలో కొడుతుంది కాబట్టి మ్యాట్‌దే కావాలి. మ్యాట్ కోటింగ్ అంత తుడవడానికి ఎన్నాళ్ళు తట్టుకుంటుందో ఇక్కడ ఎవరైనా వేసి చూసినవాళ్ళుంటే చెప్పండి.